మా బావను కూర్చోబెట్టిన ఆదివారం

మనుషులను గుండ్రంగా కూర్చోబెట్టి, చేతికి ఏదో ఒక పని ఇచ్చి, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడకండి అని మెత్తగా చెబితే చాలు, లోకంలోని తగాదాలన్నీ పొద్దు వాలేలోగా సర్దుకుంటాయని నమ్మిన మూర్ఖుణ్ణి నేను. నమ్మి ఊరుకోలేదు, పదిమందినీ నమ్మించాను. మూర్ఖత్వంలో అది రెండో మెట్టు. మెట్ట ప్రాంతం వాణ్ణి కదా, మొదటి మెట్టు మీద ఆగలేకపోయాను.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల మా అక్క మనవరాలు నన్ను అనంతపురంలో ఒక కాఫీ హోటలు మేడ మీదికి పిలుచుకుపోయింది. అక్కడ నెలకొకసారి తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ చేరి, సెల్‌ఫోన్లు ఒక బుట్టలో వేసి, ఏదో ఒక విషయం మీద మాట్లాడుకుంటారట. దాన్ని నడిపేది ఆ పిల్లే. తాతా, నువ్వు కూడా ఇట్లాంటిది నడిపేవాడివంట కదా, అవ్వ చెప్పింది అంటూ నన్ను మధ్యలో కూర్చోబెట్టి, చేతికి కాఫీ ఇచ్చింది. ఎదురుగా గోడ మీద అందంగా రాసి పెట్టారు: ఎదుటివారు ముగించేవరకు ఎవరూ మాట్లాడరాదు. అది చదవగానే నాకు పొర పోయింది. కాఫీ వేడి అనుకుని పాపం ఆ పిల్లలు నీళ్ళు తెచ్చి ఇచ్చారు. పొర పోయింది కాఫీ వల్ల కాదు, మా బావ వల్ల.

అప్పటికి నాకు ఉద్యోగం కొత్త. అనంతపురానికి పడమటి వైపు, మా అక్కను ఇచ్చిన ఊరికే నన్ను బడి అయ్యవారుగా వేశారు. తిండి అక్క ఇంట్లో, పడక బడి వసారాలో. మా బావ ఊళ్ళో పెద్ద రైతు, కొంచెం రాజకీయం కూడా ఉన్న మనిషి. ఎండిపోయిన బోరు పక్కన నిలబడి, లోపల నీళ్ళున్నాయని వినేవాళ్ళ చేత ఒప్పించగల నోరు ఆయనది. నాకేమో ఆదివారం వచ్చిందంటే ఏమీ తోచేది కాదు. ఆ తోచకపోవడంలోంచే పుట్టింది నా 'మాటల పందిరి'. బడి ముందర కందికట్టె పరిచిన పందిరి కింద మధ్యాహ్నం మూడు దాటాక చాపలు పరిచేవాణ్ణి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చుని మాట్లాడుకోవాలి. ఊరివాళ్ళు దానికి 'పనిలేని పందిరి' అని తమ పేరు తాము పెట్టుకున్నారు గానీ, రావడం మాత్రం మానలేదు. బస్సు తప్పిపోయినవాళ్ళు, గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు, బోరు వేయడానికి లారీతో వచ్చిన తమిళం వాళ్ళు, మా పోస్టుమాన్, అందరూ దాని కింద కూర్చున్నవాళ్ళే. ఆడపిల్లను పట్నంలో చదివించాలా వద్దా దగ్గర నుంచి, దయ్యాలకు ఆకలి అవుతుందా దాకా మేం మాట్లాడని సంగతి లేదు.

కాలనీవాళ్ళను కూడా పిలిచాను. ఆదివారం చర్చ ఉంది రండి అని చెబితే, వాళ్ళు దాన్ని చర్చి అనుకుని తెల్లబట్టలు కట్టుకుని, తలనిండా ముసుగులు వేసుకుని వచ్చారు. వచ్చాక నవ్వుకుని, ప్రార్థనకంటే ఇదే తొందరగా అయిపోతుందని స్థిరపడిపోయారు. అయితే ఊరి పెద్దలు బడి బెంచీల మీద, కాలనీవాళ్ళు నేల మీద కూర్చోవడం మొదలైంది. సున్నం కొట్టించాలనే వంకతో బెంచీలన్నీ లోపల వేసి తాళం పెట్టాను. ఆ సున్నం ఈనాటికీ కొట్టలేదు. అందరికీ చాపలే.

రెండు పద్ధతులు పెట్టాను. మొదటిది మా అక్క పుణ్యం. మా వైపు వాన పడేలోగా విత్తనపు చెనక్కాయలు, అదే వేరుశెనగలు, చేత్తో ఒలుచుకోవాలి గదా, అక్క ఒక మూట పంపేది. నడుమ కుప్ప పోస్తే అందరూ ఒలుస్తూ వినాలి. చేతికి పని ఉంటే నోటికి తీట తగ్గుతుందని నా సిద్ధాంతం. దానివల్ల అక్కకు కూలి మిగిలింది, నాకు జ్ఞానం మిగిలింది. రెంటిలో ఏది మొలిచిందో మీరే ఊహించుకోండి. రెండో పద్ధతి మాత్రం అచ్చంగా నా బుర్రలో పుట్టింది. మాట్లాడేవాడు తన మాట ముగిశాక 'అయిపాయె' అనాలి. అతను అనేదాకా ఇంకొకరు నోరెత్తరాదు, లేచిపోరాదు. ఎంతటివాడికైనా ఇదే వరస. ఈ పద్ధతిని తలుచుకుని రాత్రిళ్ళు నాలో నేనే మురిసిపోయేవాణ్ణి.

ఆ ఏడు వేసవిలో పంచాయతీ బోరు ఎండిపోయింది. ఊళ్ళో ఇళ్ళున్నవాళ్ళకు చేదబావుల్లో అడుగూబొడుగూ నీళ్ళుండేవి. కాలనీకి మాత్రం మా బావ బోరే దిక్కు. ఆ బోరు నుంచి రెండు గొట్టాలు పోయేవి, ఒకటి కాలనీ తొట్టికి, ఒకటి బావ చీనీతోటకు, అదే బత్తాయి తోటకు. ఏ గొట్టానికి వాల్వు తిప్పితే ఆ వైపుకు నీళ్ళు. కరెంటు ఉన్నంతసేపే మోటారు, మోటారు ఆడినంతసేపే నీళ్ళు. తోటకు మూడుఫేజుల కరెంటు వచ్చిందని చెప్పడానికి ఊరికి వేరే గుర్తు అక్కర్లేదు. అదే లైను మీద పిండిమర కూడా ఆడేది, దాని టుకుటుకులు పందిరిదాకా వినిపించేవి.

బోరు సన్నబడింది. రెండు వైపులకూ చాలవని తేలిపోయింది. బావ కాలనీ గొట్టం కట్టేస్తానని ఊళ్ళో అన్నాడు. బడికి నీళ్ళు మోసిపోసే ఒకామె ఉండేది, కాలనీ మనిషి, ఊరందరితోపాటు నేనూ ఆమెను పిన్నమ్మా అనే పిలిచేవాణ్ణి. ఆమె కూతురు పురిటికి వచ్చి ఉంది, బిడ్డ పుట్టి ఇంకా పురుడు కూడా పోయలేదు. ఆ పిన్నమ్మ నా దగ్గరికి వచ్చి, సారూ, నీ పందిట్లో మేమూ ఒక మాట చెప్పుకోవచ్చునా అని అడిగింది. నేను ఛాతీ విప్పార్చుకుని, అందుకే కదా పందిరి ఉండేది అన్నాను. అప్పుడు నా మొహంలో వెలుగు చూసి ఉంటే మీకు ఆ ఏడు కరెంటు కోతే గుర్తుకొచ్చేది కాదు.

ఆ ఆదివారం ఊరూ కాలనీ రెండూ వచ్చాయి. ఎవరూ నవ్వలేదు. చెనక్కాయ పొట్టు పగిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని ఆ వేళలో మా బావ, పెద్దవాణ్ణి కదా ముందు నేను మాట్లాడతానప్పా అన్నాడు. కాదనడానికి నా పద్ధతిలో ఏమీ లేదు.

ఆయన కోప్పడలేదు. ఎవర్నీ ఒక్క మాట తూలలేదు. మీరంతా నా బిడ్డల్లాంటివాళ్ళు అని మొదలుపెట్టి, వాళ్ళ తాత బావి తవ్వించిన కథ చెప్పి, చీనీమొక్కలు లారీలో తెచ్చిన కథ చెప్పి, ఒక్కొక్క మొక్కకూ కుండతో నీళ్ళు పోసి పెంచిన సంగతి చెప్పాడు. మనిషికి నోరుండాది, యాడికన్నా పోయి అడుక్కుంటాడు, చెట్టుకు నోరు లేదు, దాని తరఫున నేనే మాట్లాడాల అన్నాడు. ఆ మాట అబద్ధమని నేను ఇప్పటికీ అనలేను. ఒక్క వేసవి నీళ్ళు తప్పితే చీనీచెట్టు కట్టెలకే పనికొస్తుంది. నిజాలు చెప్పే మనిషిని ఆపడం అబద్ధాలు చెప్పేవాణ్ణి ఆపడం కంటే కష్టం. అందులోనూ ఆయన ఆగడం లేదు. 'అయిపాయె' అనే మాట నోటి చివరిదాకా వచ్చినట్టే వచ్చి, ఇంకో కథలోకి మళ్ళిపోతోంది.

అంతలో పిండిమర టుకుటుకుమంది.

చాపల మీద ఒక కదలిక. నీళ్ళు బయలుదేరాయని అందరికీ తెలుసు, ఏ వైపుకో తెలియదు. కాలనీ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లేచి పోయి చూడాలంటే, పెద్దమనిషి మాట్లాడుతున్నాడు, 'అయిపాయె' అనలేదు. లేస్తే మర్యాద పోతుంది. పిన్నమ్మ చేతిలో ఒక కాయ ఒలవకుండా అట్లాగే ఉండిపోయింది, ఆమె నా వైపే చూస్తోంది. పందిరి నడిపేవాడిగా నేను లేచి, బావా, చాలించు అనాలి. కానీ పొద్దున తిన్న సంగటి ఆయనది, రాత్రి తినబోయేదీ ఆయనదే. నీళ్ళు నమిలాను అందామంటే నమలడానికి కూడా ఊళ్ళో నీళ్ళు లేని రోజులవి. పందిరి మీద కందికట్టెలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాను.

పిండిమర ఆగింది. అది ఆగిన కాసేపటికి మా బావ రెండు చేతులూ జోడించి, ఎంతో వినయంగా, అయిపాయె అన్నాడు. కరెంటు రాగానే వాల్వు తోట వైపు తిప్పమని మోటారు చూసుకునే మనిషికి పొద్దున్నే చెప్పి పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. నీళ్ళన్నీ తోటకు పోయాయి, కాలనీ తొట్టి అడుగు పగుళ్ళిచ్చి ఉంది. మాట్లాడే వంతు వచ్చేసరికి పిన్నమ్మకు వినేవాళ్ళు లేరు, వంట వేళయిందని అందరూ లేచిపోయారు. ఆమె నా దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండానే అంది.

"సారూ, మాకు తిట్లు కొత్త గాదు. తిడితే తిరిగి తిట్టి మా కడవలు మేం నింపుకొంటాంటిమి. నువ్వు మర్యాద నేర్పిచ్చి, మా నోరూ మా కడవా రెండూ ఎండబెడితివి."

ఇంటికి పోతే బావ సంతోషంగా ఉన్నాడు. "ఏమప్పా బామ్మర్దీ, నీ పందిరి బలే సల్లగుండాది. వచ్చేవారం పక్కూరి పెద్దమనుషులను గూడా పిల్సుకొస్తా. సూడనీ, మనూరి మర్యాదెట్లుంటాదో!" అన్నాడు. అక్క చేతిలో గరిటె పప్పు గిన్నెకు కొంచెం గట్టిగా తగిలింది.

ఆ వారమంతా కాలనీ ఆడవాళ్ళు ఊరవతల పొలాల బావి నుంచి కడవలు మోసుకున్నారు. అదీ బురద తేలింది. మగవాళ్ళు బెంగళూరుకు కట్టడాల పనికి పోవడానికి మేస్త్రీతో మాట్లాడుకున్నారు. సోమవారం లారీ వస్తుంది. పచ్చి బాలింతనూ పసిగుడ్డునూ ఎక్కించుకుని పిన్నమ్మ కూడా పోవాల్సిందే. బడికి నీళ్ళు పోయడానికి వచ్చినప్పుడు ఆమె నాతో మాట్లాడటం మానేసింది. కుండ దించేది, పోయేది. తిట్టినా బాగుండేది.

శనివారం నేను అక్కతో అంతా చెప్పాను. మొగుణ్ణి ఎదిరించి ఒక్క మాట అనే అలవాటు ఆ ఇంట్లో ఆడవాళ్ళకు లేదు. అక్క చేటలో బియ్యం చెరుగుతూ అంతా విని, చివరికి ఒక్కటే అడిగింది.

"నువ్వు మీ బావను ఎంతసేపు కూర్చోబెట్టగలవు?"

ఆమె ఎందుకు అడిగిందో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. వాల్వు దగ్గరికి అక్కే పోతుంది. నేను బావను పందిరి కింద కట్టిపడేయాలి, అదీ తాడు లేకుండా.

మరుసటి ఆదివారం బావ అన్నట్టే పక్కూరి పెద్దలను వెంటబెట్టుకుని వచ్చాడు. వేసిన బోరులో నీళ్ళు పడక, డబ్బులు అందక కదలలేకపోయిన తమిళ లారీవాళ్ళు కూడా ఉన్నారు. కాలనీ నుంచి మాత్రం మగవాళ్ళూ, పిన్నమ్మా. మిగతా ఆడవాళ్ళు రాలేదు. ఆ సంగతి బావ గమనిస్తాడేమోనని నా చెనక్కాయలు చేతిలోనే తడిసిపోయాయి. నేను లేచి, పందిరికి కొత్త పద్ధతి పెడుతున్నాను అన్నాను. ఈ వారం నుంచి పెద్దమనుషులు చివర, మిగతావాళ్ళు ముందు మాట్లాడతారు. వాళ్ళకు జవాబు చెప్పదలచినవాళ్ళు ముందుగా వాళ్ళ మాటను, వాళ్ళు చెప్పినట్టే, తమ మాటగా తిరిగి చెప్పాలి. సరిగ్గా చెప్పావు అని అవతలివాళ్ళు ఒప్పుకున్నాకే తమ సొంత మాట. అంతదాకా లేవరాదు. పక్కూరి పెద్దలు, ఔరా, ఇది మా ఊళ్ళో కూడా పెట్టాల అన్నారు. వాళ్ళు మెచ్చుకున్నాక మా బావ మెచ్చుకోక తప్పలేదు.

పిన్నమ్మ కూర్చున్నచోటే కూర్చుని చెప్పింది. పెద్దగా ఏమీ చెప్పలేదు. బావ గొంతు సవరించుకుని, ఆమె అన్న సంగతేమంటే కాలనీకి నీళ్ళు కావాలంట అన్నాడు. నేను ఆమె వైపు తిరిగి, సరిగ్గా చెప్పినాడా పిన్నమ్మా అని అడిగాను.

"లేదు సారూ. నేను కాలనీ అన్లేదు. నా బిడ్డ అన్నా. ఇంకోసారి చెప్పమను."

లారీవాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు. బావ నా వైపు చూసిన చూపుకు ఇంకో రోజైతే నేను ఊరు వదిలి పోయేవాణ్ణి. పక్కూరి పెద్దలు మాత్రం కాయలు ఒలుస్తూ ఎంతో శ్రద్ధగా వింటున్నారు. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఆమె బిడ్డ బాలింత అంట అన్నాడు. అంట అనకూడదు, నా బిడ్డ అనాల గదా సారూ అంది పిన్నమ్మ. అది నా పద్ధతే, అవును అన్నాను.

సరిగ్గా అప్పుడు పిండిమర టుకుటుకుమంది.

బావ ఒళ్ళు ఒక్కసారి నిటారుగా అయింది. ఆ వెంటనే, కాలనీ వైపు నుంచి, ఖాళీ తొట్టిలో నీళ్ళు పడే చప్పుడు, దాని వెనకే బిందెలు తగులుకునే చప్పుడు. ఆయనకు అర్థమైంది. ఆయన చేతులు చాప మీద ఆనాయి, లేవబోతున్నాడు. కాలనీ మగవాళ్ళు ఒలవడం మానేశారు. ఆ ఒక్క క్షణం ఎటు తిరిగినా తిరిగేదే. ఆయన లేచి పోయి వాల్వు తిప్పితే అడ్డుకునే ధైర్యం మాలో ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. కానీ పక్కూరి పెద్దాయన తల ఎత్తి, చెప్పన్నా, సగంలో ఆపితివే అన్నాడు, ఏమీ తెలియని మంచితనంతో.

మా బావ కూర్చున్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

"నా బిడ్డ పచ్చి బాలింత. పోసుకునేదానికి నీళ్ళు ల్యావు. బళ్ళో అందరి పిల్లోళ్ళకూ నేను నీళ్ళు పోస్తాండా, నా మనవరాలి గుడ్డలుతికేదానికి నాకు కడివెడు ల్యావు. రేపు లారీ ఎక్కుతాం. ఆడ బెంగళూర్లో సిమెంటు కలిపే నీళ్ళన్నా దొరుకుతాయి."

మొదట గబగబా, పాఠం ఒప్పజెప్పినట్టు మొదలైన ఆ గొంతు, మనవరాలి గుడ్డలు అనే చోటికి వచ్చేసరికి నెమ్మదించింది. మా బావ ఇంట్లోనూ అదే వేసవిలో ఒక పసిబిడ్డ ఉంది. నీళ్ళ చప్పుడు ఆయన్ని లొంగదీసిందా, ఆ మాటలు ఆయన నోట్లోంచి వస్తూ ఆయన చెవిన పడటం లొంగదీసిందా, నాకు ఇప్పటికీ తెలియదు. బావ ఇప్పుడు లేడు, ఉన్నా అడిగే ధైర్యం నాకు ఉండేది కాదు. సరిగ్గా చెప్పినాడా అని అడగక ముందే పిన్నమ్మ తల ఊపింది.

సోమవారం లారీ వచ్చి మగవాళ్ళను ఎక్కించుకుపోయింది, బాలింత పోలేదు. వాన పడేదాకా ఒకరోజు తోటకు, ఒకరోజు కాలనీకి వాల్వు తిరిగింది. చీనీతోటలో గట్టు వైపు వరసలు ఎండాయి. అక్కతో బావ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదట, వాల్వు దగ్గరికి ఎందుకు పోయావని కూడా అడగలేదట.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఇంటింటికీ కొళాయి ఉంది, చేతిచేతికీ ఫోను ఉంది. ఊరికి ఒక గ్రూపు, కాలనీకి ఒక గ్రూపు. ఎవరి చాప వాళ్ళది, మళ్ళీ బెంచీలు బయటికి వచ్చినట్టే అనిపిస్తుంది నాకు. మన మాటకు జైకొట్టేవాళ్ళు బొటనవేలి దూరంలో ఉన్నారు. నచ్చనివాడి మాటను ఒక్కసారైనా మన నోటితో పలికి చూసే అవసరం మాత్రం ఎవరికీ పడటం లేదు. మేడ మీది ఆ పిల్లలు మంచివాళ్ళు, వాళ్ళ మర్యాదకు ఏ లోటూ లేదు. ఒకరికొకరు భయపడాల్సిన పనిలేని చోట మర్యాద సులువే. మాకు మాత్రం, మర్యాద అనేది చెంబెడు నీళ్ళంత బరువుగా ఉండేది, తొణికితే ఎవరిదో ఒకరి గొంతు ఎండేది.

ఆ సాయంత్రం గురించి ఇంకొంచెం మిగిలింది. పిన్నమ్మ తల ఊపాక, పద్ధతి ప్రకారం ఇక బావ సొంత మాట. బావా, నీ వంతు, ఎంతసేపైనా చెప్పు, ఎవరూ అడ్డురారు అన్నాను, నాకు చేతనైనంత వినయంగా. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, కాలనీ వైపు చూశాడు, తన అరచేతులు చూసుకున్నాడు. ఎంత ఎండిన బోరునైనా పారించగల ఆ నోట ఒక్క మాట రాలేదు. నలుగురిని పిలిచి కూర్చోబెట్టినవాడి ధర్మం ఏమిటంటే, అతిథి అట్లా మాట చిక్కక అవస్థ పడుతున్నప్పుడు టీ అనో, వాన మబ్బు అనో ఏదో ఒకటి అందించి గట్టెక్కించాలి. ఆ ధర్మం నాకు బాగా తెలుసు. తెలిసి కూడా, కుప్పలోంచి ఇంకో గుప్పెడు కాయలు తీసుకుని, ఒక్కొక్కటీ తీరుబాటుగా ఒలుచుకుంటూ కూర్చున్నాను.